టస్కనీయా, డోలమైట్సా, పూలియానా? ఇటలీ పల్లెసీమల్లో ఫొటోలకు ఎక్కడ మకాం పెట్టాలి

ఇటలీ ప్రయాణం అనుకోగానే మనవాళ్లలో చాలామంది రోమ్, ఫ్లారెన్స్, వెనిస్ అని రాసుకుని, మధ్యలో ఒక రోజు టస్కనీ పల్లెలకు కేటాయిస్తారు. టూరిస్టు బస్సు పొద్దున్నే ఫ్లారెన్స్‌లో బయలుదేరి, పదకొండింటికల్లా కొండల మధ్యకు చేరుస్తుంది. అప్పటికి ఎండ నెత్తి మీదికి వచ్చేసి ఉంటుంది. నీడలుండవు, కొండల ఒంపులు చదునుగా కనిపిస్తాయి, పచ్చదనం వెలిసిపోయినట్టు ఉంటుంది. సాయంత్రం మంచి వెలుగు పడే వేళకు బస్సు తిరిగి ఫ్లారెన్స్ ట్రాఫిక్‌లో ఉంటుంది. తప్పు కెమెరాది కాదు, ఆ ప్రాంతానిదీ కాదు. వేళది.

అందుకే ఫొటోల కోసం ఇటలీ పల్లెలకు వెళ్లాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఒకటే: ముందు నెల తేల్చుకోండి, ఆ నెలలో బాగుండే ప్రాంతం ఒక్కటి ఎంచుకోండి, అక్కడే నాలుగైదు రాత్రులు ఉండండి. మూడు ప్రాంతాలను తలా ఒక రోజు చూసొస్తే తిరిగిన తృప్తి మిగులుతుంది గానీ గోడకు తగిలించుకునే ఫొటో దొరకడం కష్టం.

ఈ వ్యాసంలో ఐదు ప్రాంతాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. టస్కనీలోని వాల్ దోర్చా, ఉత్తరాన డోలమైట్స్ పర్వతాల కింది లోయలు, ఉంబ్రియాలోని కాస్తెల్లూచ్చో మైదానం, పీడ్‌మాంట్‌లోని లాంగె ద్రాక్ష కొండలు, దక్షిణాన పూలియాలోని ఇత్రియా లోయ. సముద్ర తీరాలను, సిసిలీని కావాలనే వదిలేశాను. అవి వేరే రకం ప్రయాణాలు.

## ముందు ఈ ఐదు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి

మీకు సెలవు ఏ నెలలో దొరుకుతుంది? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. పిల్లల బడులు చూసుకుని బయలుదేరే కుటుంబాలకు ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా కుదురుతుంది. టస్కనీ గోధుమ చేలు పచ్చగా ఉండే కాలం సరిగ్గా అదే. దసరాకు కుదిరితే ఆకురాలే కాలం అంచు తగులుతుంది. దీపావళి చుట్టుపక్కల అయితే లార్చ్ చెట్లు, ద్రాక్ష తోటలు పసుపు రంగులోకి మారి ఉంటాయి. అమెరికాలో ఉండి పిల్లల వేసవి సెలవుల్లో వచ్చేవాళ్లకు జూన్ చివర, జూలైలో కాస్తెల్లూచ్చో పూలు, డోలమైట్స్ పచ్చికలు అందుతాయి. అదే జూలైలో టస్కనీకి వెళితే కోసేసిన చేలు, మండే ఎండ మాత్రమే కనిపిస్తాయి.

నిద్రపోయే చోటికీ ఫొటో తీసే చోటికీ ఎంత దూరం? జూన్‌లో టస్కనీలో సూర్యోదయం ఐదున్నరకు, సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదికి అటూ ఇటూగా ఉంటుంది. పొద్దు పొడవక ముందు అరగంట, పొడిచాక గంట, మళ్లీ సాయంత్రం అంతే సమయం మీకు పనికొచ్చే వెలుగు. అంటే నాలుగున్నరకు లేవాలి, రాత్రి పదికి భోంచేయాలి. దానికి తోడు గంట డ్రైవింగ్ కూడా ఉంటే మూడో రోజుకు ఎవరూ లేవరు. అక్టోబర్ మూడో వారంలో మాత్రం సూర్యోదయం ఏడున్నర దాటాక, అస్తమయం ఆరు దాటాక. ఉదయం టిఫిన్, సాయంత్రం భోజనం రెండూ దక్కుతాయి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఇది చాలా పెద్ద తేడా.

కారు నడుపుతారా? ఐదింటిలో మూడు చోట్ల కారు లేకుండా పని జరగదు.

వెంట ఎవరు వస్తున్నారు? పెద్దవాళ్లు, చిన్న పిల్లలు, ఫొటోల మీద ఏ మాత్రం ఆసక్తి లేని జీవిత భాగస్వామి, వీళ్లందరికీ పగలు చేయడానికి ఏదైనా ఉండాలి.

చేతిలో ఉన్న కెమెరా ఏది? కొన్ని ప్రాంతాలు దూరాన్ని దగ్గర చేసే టెలిఫొటో లెన్స్‌ను కోరతాయి. కొన్ని ఫోన్‌తోనే బాగా వస్తాయి.

## ఒక్క చూపులో

| ప్రాంతం | బాగుండే కాలం | కారు | ఎక్కువగా వాడే లెన్స్ (మి.మీ.లలో; అంకె పెద్దదైతే దూరాన్ని దగ్గర చేస్తుంది) | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|---|
| వాల్ దోర్చా | ఏప్రిల్ చివర, మే. మళ్లీ అక్టోబర్ చివర, నవంబర్ పొగమంచుకు | తప్పనిసరి | 70-200 | తొలిసారి వెళ్లేవాళ్లు, ఓపికగా కాచుకునేవాళ్లు |
| డోలమైట్స్ లోయలు | జూన్ చివర నుంచి జూలై. అక్టోబర్ రెండో సగం | లేకపోయినా నడుస్తుంది | 16-35, 70-200 రెండూ | నడక ఇష్టమైనవాళ్లు, పిల్లలున్న కుటుంబాలు |
| కాస్తెల్లూచ్చో | జూన్ చివర నుంచి జూలై మధ్య | తప్పనిసరి | 70-200, 100-400 | రంగుల కోసమే వెళ్లేవాళ్లు |
| లాంగె | అక్టోబర్ చివర, నవంబర్ మొదటి సగం | ఉంటేనే మేలు, నిజానికి తప్పనిసరి | 70-200 | పొగమంచు ఇష్టమైనవాళ్లు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు |
| ఇత్రియా లోయ | ఏప్రిల్, మే. చలికాలం కూడా ఫరవాలేదు | ఉంటే మంచిది, రైలు ఉంది | 24-70, ఫోన్ | ఇళ్లు, వీధులు, మనుషులను తీసేవాళ్లు |

## వాల్ దోర్చా: ఓపిక ఉన్నవాళ్లకు దక్కేది

సియెనాకు దక్షిణాన పియెంజా, సాన్ క్విరికో, మోంతల్చీనో ఊళ్ల మధ్య పరుచుకున్న ఈ లోయను యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇక్కడ అడవి లేదు, జలపాతం లేదు. మనిషి దున్నిన నేలే అందం. ఈ పొలాలను చిత్రించడం కూడా కొత్తేమీ కాదు. అంబ్రోజో లొరెంజెత్తి 1338-39లో సియెనా నగర భవనం గోడ మీద వేసిన చిత్రంలో ఇలాంటి కొండలు, చేలు, దారి వెంట నడిచే రైతులు ఉన్నారు. ప్రయాణంలో ఒక పూట సియెనాలో ఆగి ఆ గోడ ముందు నిలబడండి. ఒక కొండ వెనక ఇంకో కొండను ఎలా పేర్చాలో అక్కడే అర్థమవుతుంది.

అందరూ తీసే చోట్లు నాలుగైదు ఉన్నాయి. సాన్ క్విరికో బయట పొదేరే బెల్వెదేరే అనే పొలం ఇల్లు, పియెంజా దారిలో వితలేతా చిన్న చర్చి, మోంతిక్కియెల్లో దగ్గర సైప్రస్ చెట్ల మధ్య మెలికలు తిరిగే రోడ్డు, పాత కాసియా రోడ్డు పక్కన పొలం మధ్యలో గుత్తిగా నిలబడ్డ సైప్రస్‌లు. ఇవన్నీ సాన్ క్విరికో నుంచి కారులో దగ్గరే. ఇక్కడ మకాం పెట్టమనడానికి మొదటి కారణం అదే.

బెల్వెదేరే ముందు ఒక ఉదయం ఎలా గడుస్తుందో కొంచెం వివరంగా చెబుతాను. ముందు రోజు వాన పడి, రాత్రి ఆకాశం తేటపడి, గాలి ఆగిపోయిందంటే తెల్లారేసరికి లోయలో పొగమంచు నిలుస్తుంది. రోడ్డు పక్కన గడ్డి తడిసి ఉంటుంది, బూట్లు తడుస్తాయి, చల్లని లెన్స్ మీద ఆవిరి పడుతుంది. జేబులో మెత్తటి గుడ్డ ఉండాల్సిందే. మొదట ఏమీ కనిపించదు. తర్వాత తూర్పున కాస్త తెల్లబడ్డాక దిబ్బ మీద ఇల్లు, పక్కనున్న సైప్రస్ చెట్ల కొనలు బయటపడతాయి. సూర్యుడు ఎదుటి నుంచి కొంచెం పక్కగా పైకి వచ్చి వెలుగు మంచులోంచి ఏటవాలుగా పడ్డ కాసేపు, ఒక్కో దిబ్బ ఒక్కో పొరగా విడిపోతుంది. ఆ కాసేపే అసలు సమయం. ఆ తర్వాత మంచు పైకి లేచి మొత్తం కమ్మేయొచ్చు, లేదా పూర్తిగా విరిగిపోవచ్చు. మొదటి రోజు రాకపోతే రెండో రోజు, రెండో రోజు రాకపోతే మూడో రోజు. నాలుగు రాత్రులు అని పట్టుబట్టేది ఇందుకే.

ఇక్కడ ఎక్కువ మేర ఒకేసారి పట్టే వైడ్ లెన్స్‌తో తీస్తే చూసింది కొండంత, ఫొటోలో పడింది గోరంత అవుతుంది. 70-200 లెన్స్ పెట్టి, ఒక ఇల్లు, నాలుగు చెట్లు, రెండు దిబ్బల గీతలు ఏరుకోండి. ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లు మూడు రెట్లో ఐదు రెట్లో దగ్గర చేసే లెన్స్ ఉన్న మోడల్ అయితేనే ఇక్కడికి రండి. లేకపోతే డోలమైట్స్ మేలు.

రంగుల క్యాలెండర్ కూడా గుర్తుపెట్టుకోండి. మార్చి నుంచి మే దాకా పచ్చన. మే నెలలో గట్ల వెంట ఎర్రని పాపీ పూలు. జూన్‌లో గోధుమ పండి బంగారు రంగు. జూన్ చివర, జూలైలో కోతలు. ఆగస్టు నుంచి దున్నిన మట్టి గడ్డలు, గోధుమ రంగు, బూడిద రంగు నేల. ఈ ఉత్త నేలను ఇష్టపడేవాళ్లు ఉన్నారు. సియెనాకు ఆగ్నేయంగా అషానో చుట్టూ ఉన్న బంకమట్టి దిబ్బలు, అదే క్రేతె సెనేసి, అప్పుడే బాగుంటాయి. కానీ జీవితంలో ఒక్కసారి వెళ్లేవాళ్లకు నేను ఆగస్టు చెప్పను.

ఇబ్బందులు రెండు. పల్లెల మధ్య బస్సులు చాలా తక్కువ, సూర్యోదయ వేళకైతే లేనట్టే. రెండోది, పేరున్న చోట్ల మే నెల ఉదయాల్లో ట్రైపాడ్‌లు వరసగా ఉంటాయి. దానికి మందు ఉంది. మంచు విడిపోయాక అందరూ కాఫీకి వెళ్లినప్పుడు తెల్లమట్టి రోడ్లలోకి కారు తిప్పండి. పేరు లేని దిబ్బలు అక్కడ కావలసినన్ని.

## డోలమైట్స్ లోయలు: అడుగు పెట్టగానే ఫొటో

2009లో యునెస్కో జాబితాలోకి వచ్చిన ఈ పర్వతాల గురించి అందరికీ తెలుసు. పల్లెసీమ ఫొటోల కోసమైతే శిఖరాల పైకి ఎక్కక్కర్లేదు. కింద లోయల్లో పచ్చిక, చెక్క గుడిసెలు, చర్చి గోపురం, వాటి వెనక బూడిద రంగు రాతి పళ్లు. ఈ నాలుగూ ఒకే ఫ్రేములో పడతాయి.

రెండు చోట్లు ఎంచుకోవచ్చు. ఒకటి వాల్ ది ఫూనెస్. శాంతా మద్దలేనా ఊరి చర్చి వెనక ఓద్లె శిఖరాలు నిలబడతాయి. వాటిలో ఎత్తైన సాస్ రిగాయిస్ 3,025 మీటర్లు. ఇక్కడ సాయంత్రం వెలుగే అసలైనది. పొద్దు వాలేకొద్దీ రాయి పసుపు, నారింజ, గులాబీ రంగులకు తిరుగుతుంది. కాస్త దూరంలో పచ్చిక మధ్య 1744లో కట్టిన సాన్ జొవాన్ని చిన్న చర్చి ఉంది. అది ప్రైవేటు పొలం. కంచె ఇవతల నుంచే తీయాలి. రద్దీ పెరిగి ఈ లోయలో పార్కింగ్ మీద, వాహనాల మీద ఆంక్షలు మారుతూ ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు చూసుకోండి.

రెండోది ఆల్పే ది సియూసి. ఐరోపాలో ఎత్తైన ప్రదేశాల్లోని పచ్చిక మైదానాల్లో ఇదే అతి పెద్దది. తెల్లవారుజామున ఒంపుల్లో పలచగా మంచు, మధ్యమధ్య చెక్క పాకలు, తూర్పున 3,181 మీటర్ల సాసోలుంగో. అయితే ఒక మెలిక ఉంది. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా సొంత కార్లను పైకి పోనివ్వరు. రోప్‌వే పొద్దెక్కాకే మొదలై సాయంత్రానికి ఆగిపోతుంది. కింది ఊరిలో దిగితే రోప్‌వేను నమ్ముకున్నవాళ్లకు సూర్యోదయం అందదు. పైనే ఉన్న హోటల్లో దిగాలి. ధర ఎక్కువే. నా దృష్టిలో ఈ ప్రాంతంలో డబ్బు ఖర్చు పెట్టాల్సింది అక్కడే. అక్కడ రెండు రాత్రులు, ఫూనెస్‌లో రెండు రాత్రులు అనుకోండి.

కారు నడపనివాళ్లకు ఐదింటిలోనూ ఇదే ఉత్తమం. బోల్జానో, బ్రెస్సనోనే దాకా రైలు, అక్కడి నుంచి లోయల్లోకి బస్సులు. చాలా హోటళ్లు తమ దగ్గర దిగినవాళ్లకు బస్సులు, స్థానిక రైళ్లు ఉచితంగా వాడుకునే గెస్ట్ పాస్ ఇస్తాయి. గది బుక్ చేసేటప్పుడే అది ఉందో లేదో అడగండి. పిల్లలకు రోప్‌వేలు, గుర్రాలు, ఆవుల గంటల చప్పుడు చాలు, పగలంతా విసుగు లేకుండా గడిచిపోతుంది. పెద్దవాళ్లు కూడా రోప్‌వే దిగి చదునైన దారుల్లో నెమ్మదిగా నడవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ఏ దారిలో ఎంత ఎత్తు ఎక్కాలో ముందే హోటల్లో అడిగి తెలుసుకోవాలి.

ఇబ్బంది వాతావరణం. వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన రావడం మామూలే. రెండు రోజులు మబ్బు కమ్మేస్తే శిఖరాలు కనిపించవు, శిఖరాలు లేకపోతే ఫొటో సగమే. టస్కనీలో మబ్బు పట్టినా తీయడానికి ఏదో ఒకటి ఉంటుంది, ఇక్కడ అలా కాదు. అక్టోబర్ రెండో సగంలో లార్చ్ చెట్లు పసుపు రంగుకు మారినప్పుడు దీనికి సాటి లేదు. కాకపోతే అప్పటికి కొన్ని రోప్‌వేలు, కొండ మీది హోటళ్లు మూసేస్తారు.

లాగో ది బ్రాయెస్ సరస్సును కూడా కలుపుకోవాలని అందరికీ ఉంటుంది. నడి వేసవిలో కారులో వెళ్లాలంటే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, జనం కూడా విపరీతం. ఫూనెస్‌లో దొరికే ప్రశాంతత అక్కడ దొరకదు. నేనైతే వదిలేస్తాను.

## కాస్తెల్లూచ్చో: మూడు వారాల పూలు

సిబిల్లీని పర్వతాల జాతీయ పార్కులో, 1,452 మీటర్ల ఎత్తున దిబ్బ మీద చిన్న ఊరు. దాని కింద పియానో గ్రాందె అనే చెట్టూ చేమా లేని పెద్ద మైదానం, వెనక 2,476 మీటర్ల వెత్తోరే కొండ. ఆ మైదానంలో చిన్న గింజ మసూర్ పండిస్తారు. దానికి ఐరోపా భౌగోళిక గుర్తింపు ఉంది. జూన్ చివర్లో పొలాల్లో మసూర్‌తో పాటే పాపీ పూలు ఎర్రగా, కార్న్‌ఫ్లవర్ పూలు నీలంగా, అడవి ఆవ పూలు పసుపుగా విరగబూస్తాయి. రైతుకు అవి కలుపు. కలుపు మందుతో చంపేయకుండా సాగు చేస్తున్నారు కాబట్టే పూస్తున్నాయి. ఒక్కో మడి ఒక్కో రంగు, వాటి మధ్య గీత గీసినట్టు గట్లు.

2016 అక్టోబర్ 30న 6.5 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఊరు చాలావరకు కూలిపోయింది. పునర్నిర్మాణం ఏళ్ల తరబడి సాగుతోంది. అందుకే దిబ్బ మీద ఊరు, కింద పూలు అనే పాత ఫొటోలు చూసుకుని వెళ్లకండి. క్రేన్లు, పరంజాలు ఫ్రేములోకి వస్తాయి. మైదానాన్నే తీయండి. పైన రోడ్డు మలుపుల్లో నిలబడి, పొడవాటి లెన్స్‌తో మళ్ల గీతలను మాత్రమే ఏరుకుంటే రంగులద్దిన గుడ్డలా వస్తుంది.

బస ఎక్కువగా నోర్చాలో దొరుకుతుంది. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు మీద ముప్పై కిలోమీటర్ల దాకా ఎక్కాలి. జూన్‌లో సూర్యోదయానికి చేరాలంటే నాలుగున్నరకే బయలుదేరాలి. పూల కాలంలో శని, ఆదివారాలు కార్ల మీద ఆంక్షలు పెడతారు, కాబట్టి వారం మధ్యలో వెళ్లండి. పూలు ఏ వారం పతాక స్థాయికి వస్తాయో ఏటా మారుతుంది. చలి ఎక్కువ రోజులు ఉంటే ఆలస్యం, ఎండలు ముదిరితే తొందర. ఇండియా నుంచి ఆరు నెలల ముందు టికెట్లు కొనేవాళ్లకు ఇది జూదమే. ఐరోపాలో ఉద్యోగం చేస్తూ వారం ముందు నిర్ణయం తీసుకోగలవాళ్లకు మాత్రం ధైర్యంగా చెబుతాను. మిగతా నాలుగూ పక్కన పెట్టి ముందు ఇక్కడికి వెళ్లండి.

## లాంగె: పొగమంచులో ద్రాక్ష కొండలు

ఆల్బా పట్నం చుట్టూ ఉన్న ఈ కొండలు, పక్కనున్న రొయెరో, మోన్‌ఫెర్రాతో సీమలతో కలిసి 2014లో యునెస్కో జాబితాలోకి వచ్చాయి. వాలు మీద వరసలు వరసలుగా ద్రాక్ష తీగలు, ప్రతి మిట్ట మీదా ఒక ఊరు, ఊరి నడుమ కోటో చర్చో. సెర్రలుంగా కోట, లా మొర్రా ఊరి చివర నుంచి కనిపించే లోయ, 1856లో ఒక జంట పెళ్లి గుర్తుగా మోన్‌ఫల్లెత్తో కొండ మీద నాటిన దేవదారు వృక్షం, ఇవి ముఖ్యమైనవి. ఆకాశం తేటగా ఉన్న ఉదయం పడమటి దిక్కున 3,841 మీటర్ల మోన్‌వీజో మంచు శిఖరం కనిపిస్తుంది.

వాల్ దోర్చాతో పోలిస్తే ఇక్కడ రెండు లాభాలు. అక్టోబర్ చివర్లో సూర్యోదయం ఆలస్యం, ఊళ్లు దగ్గర దగ్గర. పెద్దవాళ్లను హోటల్లో నిద్రపోనిచ్చి మీరు వెళ్లి ఫొటోలు తీసుకుని, టిఫిన్ వేళకు తిరిగి రావచ్చు. నష్టం ఏమిటంటే, ఆ నెలల్లో పొగమంచు ఒక్కోసారి రోజంతా విడవదు. అప్పుడు మిట్ట మీది ఊళ్లలోకి ఎక్కి మంచు పైనుంచి తీయగలిగితే అదృష్టం, లేకపోతే మిట్ట కూడా మునిగిపోతుంది. వైన్ తాగనివాళ్లకు, మాంసం తిననివాళ్లకు పగటిపూట ఆకర్షణలు కొంచెం తక్కువే. ఆల్బాలో తెల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) సంత జరిగే కాలం కూడా అదే కాబట్టి వారాంతాల్లో గదుల ధరలు పెరుగుతాయి.

## ఇత్రియా లోయ: మనుషులు, గోడలు, ఎర్ర నేల

ఇక్కడ పెద్ద కొండల్లేవు. సున్నపురాతి ముక్కలను సున్నం, సిమెంటు లేకుండా పేర్చి కట్టిన శంకు కప్పుల ఇళ్లు, వాటి పేరు త్రుల్లి. అల్బెరోబెల్లోలో వెయ్యికి పైగా ఉన్నాయి, 1996లో యునెస్కో గుర్తించింది. నేల మాత్రం మన అనంతపురం వేరుశనగ చేల ఎర్ర మట్టిని గుర్తు చేస్తుంది. ఎర్ర నేల, తెల్ల గోడ, బూడిద రంగు ఆలివ్ ఆకు, ఈ మూడు రంగులే ఇక్కడి ఫొటో.

అల్బెరోబెల్లో వీధులు పగలు దుకాణాలతో, టూరిస్టులతో కిక్కిరిసిపోతాయి. పొద్దున్నే ఒక గంట తీసుకుని, మిగతా రోజులు లోకొరొతోందో, చిస్తెర్నీనో, మార్తీనా ఫ్రాంకా మధ్య పల్లె దారుల్లో తిరగండి. పొలాల్లో విడిగా ఉన్న త్రుల్లి, రాళ్లు పేర్చిన గట్టు గోడలు, ఒస్తూని కింది మైదానంలో మెలితిరిగిన బోదెలతో వందల ఏళ్ల ఆలివ్ చెట్లు. ఈ చెట్లను ఇప్పుడే తీయాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. 2013లో పూలియా దక్షిణ కొసన బయటపడ్డ జైలెల్లా అనే బ్యాక్టీరియా తెగులు లక్షల ఆలివ్ చెట్లను ఎండబెట్టి, ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. దక్షిణాన ఎండిన తోటలు మైళ్ల కొద్దీ ఉన్నాయి. వాటిని కూడా తీయండి. ఆ నేల కథలో అదీ భాగమే.

బారీ నుంచి అల్బెరోబెల్లో, లోకొరొతోందో, మార్తీనా ఫ్రాంకాలకు చిన్న రైలు ఉంది. ఆదివారాలు దాన్ని నమ్ముకోకండి. ఇక్కడ ఫోన్ కెమెరా చాలు. వీధులు ఇరుకు, వస్తువులు దగ్గర, రంగులు స్పష్టం. శాకాహారులకు ఐదింటిలోనూ ఇక్కడే హాయి. ఎండు చిక్కుడు గింజల ముద్దతో ఆకుకూర, తాజా చీజ్, టమాటా, ఆలివ్ నూనె. ఒరెక్కియెత్తె పాస్తాలో మాత్రం ఆంకోవీ చేపలు వేస్తారు, అడిగి తీసుకోండి. జూలై, ఆగస్టుల్లో ఎండ మన వేసవిని తలపిస్తుంది, వద్దు.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

మే సెలవుల్లో, కారు నడపగలిగి, తొలిసారి వెళుతున్నారా? రెండో ఆలోచన వద్దు, వాల్ దోర్చా.

మే నెలే, కానీ కారు వద్దు, కుటుంబంలో శాకాహారులు ఉన్నారు, ఫొటోల కంటే ప్రయాణం ముఖ్యం అనుకుంటే ఇత్రియా లోయ.

పిల్లలతో జూన్ చివర్లో, జూలైలో వెళితే డోలమైట్స్. ఒంటరిగానో ఫొటోల పిచ్చి ఉన్న స్నేహితులతోనో అయితే కాస్తెల్లూచ్చోలో మూడు రాత్రులు.

దసరా సెలవులు అక్టోబర్ మొదటి వారంలో ముగిసిపోతే అసలైన చిక్కు. టస్కనీ చేలు అప్పటికి దున్నేసి ఉంటాయి, లార్చ్ ఇంకా పచ్చగానే ఉంటుంది, ద్రాక్ష ఆకులు రంగు మారడం ఇంకా మొదలై ఉండదు. ప్రయాణాన్ని రెండు వారాలు ఆలస్యంగా పెట్టుకోగలిగితే పెట్టుకోండి. ఉద్యోగంలో పది రోజుల సెలవు అడిగేటప్పుడు ఆ రెండు వారాల తేడా కోసం పోట్లాడినా తప్పులేదు. అలా కుదరకపోతే డోలమైట్స్‌కే నా ఓటు. రంగు రాకపోయినా శిఖరాలు ఉంటాయి, గాలి తేటగా ఉంటుంది, వేసవి జనం తగ్గి ఉంటారు.

వాల్ దోర్చా, డోలమైట్స్ రెండూ ఒకే ప్రయాణంలో కావాలని చాలామంది అడుగుతారు. మధ్య కారు ప్రయాణం సుమారు ఐదు గంటలు. పది రాత్రులు ఉంటే చేయండి, ఏడు రాత్రులకైతే వద్దు. అదీ కాక, రెండింటికీ మంచి కాలాలు వేరు. మే నెలలో టస్కనీ పచ్చగా ఉన్నప్పుడు ఆల్పే ది సియూసిలో మంచు పూర్తిగా కరిగి ఉండకపోవచ్చు, చాలా రోప్‌వేలు నడవవు.

## బుక్ చేసే ముందు

ఇండియా లైసెన్సుతో కారు నడపాలంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అది ఇటలీలో ఇవ్వరు, ఇక్కడే ఆర్టీఏ ఆఫీసులో తీసుకోవాలి, ఏడాది పనిచేస్తుంది. అద్దె కార్లు ఎక్కువగా మాన్యువల్ గేర్లవే. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పాలి. పాత ఊళ్ల నడిబొడ్డులో బయటి కార్లకు ప్రవేశం లేని హద్దులు ఉంటాయి, బోర్డు మీద జెడ్‌టీఎల్ అని రాసి ఉంటుంది. కెమెరా నంబర్ ప్లేటు పట్టేస్తుంది, నెలల తర్వాత జరిమానా కాగితం ఇంటికి వస్తుంది. కారు ఊరి గోడ బయట పెట్టి నడవండి.

చేలలోకి దిగకండి. గోధుమైనా, మసూరైనా ఒకరి ఏడాది కష్టం. ఫొటోలో పడేది రోడ్డు మీద నుంచే పడుతుంది. డ్రోన్ విషయంలో ఇంకా జాగ్రత్త. కెమెరా ఉన్న డ్రోన్ 250 గ్రాముల లోపు ఉన్నా ఐరోపా నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, ఇటలీలో బీమా కూడా తప్పనిసరి. సిబిల్లీని జాతీయ పార్కులో, డోలమైట్స్ ప్రకృతి పార్కుల్లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. వీటన్నిటికీ సిద్ధం కాకపోతే డ్రోన్ ఇంట్లో పెట్టి, ఆ బరువుకు మంచి ట్రైపాడ్ తీసుకెళ్లండి.

శాకాహారులు ఒక విషయం తెలుసుకోవాలి. పర్మెజాన్, పెకొరీనో లాంటి ఇటలీ చీజ్‌లలో పాలు విరగడానికి దూడ, గొర్రె కడుపు నుంచి తీసే రెనెట్ వాడతారు. డోలమైట్స్‌లో రొట్టె ఉండలు, అవే కనెదెర్లి, పాలకూరతో చేసినవి దొరుకుతాయి గానీ పంది మాంసం ముక్కలు కలిపినవే ఎక్కువ. వాల్ దోర్చాలో వెల్లుల్లి టమాటా సాస్‌తో చేసే పీచి పాస్తా దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది.

చివరగా గది. పల్లె ఇళ్లలో రాత్రి భోజనం చాలాచోట్ల ఏడున్నరకో ఎనిమిదికో ఒకేసారి వడ్డిస్తారు. మే, జూన్‌లలో అది సరిగ్గా మీరు కొండ మీద ఉండాల్సిన వేళ. అందుకని వేసవిలో వంటగది ఉన్న గది తీసుకోండి, అక్టోబర్‌లో భోజనంతో సహా తీసుకోండి. బుక్ చేసేటప్పుడు పొద్దున ఐదింటికి గేటు తెరిచి ఉంటుందా అని కూడా అడగండి. కొన్ని చోట్ల రాత్రి తాళం వేస్తారు, ముందు చెబితే తాళంచెవి మీ చేతికే ఇస్తారు.